సముద్ర లిల్లీ శిలాజాన్ని గిన్నె నుంచి చదివే పద్ధతి

ఇంటర్మీడియట్ జంతుశాస్త్రంలో ఇఖైనోడెర్మేటా పాఠం చదివినవారికి క్రైనాయిడియా అనే తరగతి పేరు, దానికి ఉదాహరణగా ఇచ్చే ఏంటిడాన్ పేరు గుర్తుండే ఉంటాయి. పాఠం అక్కడితో ఆగిపోతుంది. తిరుపతిలో డిగ్రీ స్థాయిలో భూగర్భశాస్త్రం తీసుకున్న విద్యార్థికి కొన్నాళ్ల తర్వాత ఆ తరగతికే చెందిన సముద్ర లిల్లీ శిలాజం ఒకటి, లేదా దాని ప్లాస్టర్ అచ్చు, లేదా ఏదో మ్యూజియం విడుదల చేసిన పెద్ద ఛాయాచిత్రం ఎదురవుతుంది. అప్పుడు చూపు సహజంగానే విచ్చుకున్న భుజాల మీదికి పోతుంది, అక్కడే నిలిచిపోతుంది. ఈ వ్యాసం సూచించే క్రమం వేరు. మొదట అది పూడుకుపోయిన తీరును, తర్వాత కాడను, ఆ తర్వాత అన్నిటికన్నా ఎక్కువసేపు భుజాల కింద ఉండే చిన్న గిన్నెను, చివరగా భుజాలను చూడాలి. భుజాలు కంటికి ఇంపుగా ఉంటాయి గాని, ఆ జంతువు ఏ వర్గానికి చెందినదో తేల్చేది చాలావరకు గిన్నెలోని ఫలకాల అమరికే.

క్రినాయిడ్ అని కూడా పిలిచే సముద్ర లిల్లీ మొక్క కాదు. నక్షత్ర చేప, సముద్ర అర్చిన్, సముద్ర దోసకాయ ఏ వర్గానికి చెందుతాయో ఇదీ ఆ వర్గానికే చెందిన జంతువు. దీని అస్థిపంజరం కాల్సైట్ (సున్నపురాయిలోని ఖనిజం) ఫలకాలతో చర్మం కిందే ఏర్పడుతుంది, శరీర నిర్మాణం ఐదు దిక్కుల సౌష్ఠవాన్ని అనుసరిస్తుంది. నిస్సందేహంగా క్రినాయిడ్లు అనదగిన శిలాజాలు సుమారు 48 కోట్ల ఏళ్ల నాటి ఆర్డొవీషియన్ పొరల నుంచి కనిపిస్తాయి. 35.9 కోట్ల నుంచి 32.3 కోట్ల ఏళ్ల క్రితం వరకు సాగిన మిసిసిపియన్ కాలంలో ఇవి ఎంత విస్తారంగా పెరిగాయంటే, వీటి ముక్కలే గుట్టలుగా పడి సున్నపురాయి పొరలయ్యాయి. 25.2 కోట్ల ఏళ్ల క్రితం పెర్మియన్ చివర జరిగిన మహా విలుప్తిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయి, మిగిలిన కొద్ది వంశం నుంచి మళ్లీ పుంజుకున్నాయి. నేడు సుమారు 600 జాతులున్నాయి. వాటిలో కాడ ఉన్నవి కొన్నే, అవీ ఎక్కువగా వంద మీటర్లకు మించిన లోతుల్లో బతుకుతాయి. మిగిలినవి పెద్దయ్యాక కాడను వదిలేసే ఈక నక్షత్రాలు; మన్నార్ సింధుశాఖలోని పగడపు దిబ్బల మధ్య కనిపించేవి ఇవే.

మన ఊరి రాళ్లలో వెతికేవారికి ముందే ఒక మాట చెప్పడం మంచిది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోతలో కనిపించే నగరి క్వార్ట్‌జైట్ పొరల వయసు నూరు కోట్ల ఏళ్లకు బాగా పైమాటే, దాని కింద ఉన్న గ్రానైట్ ఇంకా పాతది. ఆ రెండింటి మధ్య కాలవ్యవధిని సూచించే ఎపార్కియన్ అసంగతిని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించినది కూడా ఆ ప్రాచీనత వల్లే. సముద్ర లిల్లీలు పుట్టడానికి ఎంతో ముందే ఆ పొరలు రాయిగా మారాయి. ఇళ్లలో పరిచే కడప బండలు సున్నపురాయే అయినా, అవి కూడా క్రినాయిడ్లకన్నా ముందు కాలానివే కనుక వాటిలో ఎంత వెతికినా ఫలితం ఉండదు. కొన్ని బండల మీద నల్లగా, ఆకు ఆకారంలో వ్యాపించే గీతలు మాంగనీస్ ఆక్సైడ్ ఖనిజం పగుళ్ల వెంట పాకగా ఏర్పడిన డెండ్రైట్లు, అంతే తప్ప శిలాజాలు కావు.

సత్యవేడు వైపు వెళ్లేవారికి మరో రకమైన పొరపాటు ఎదురుకావచ్చు. అక్కడి క్రెటేషియస్ పొరల్లో టైలోఫిల్లం వంటి మొక్కల ఆకు ముద్రలు దొరుకుతాయి. నడిమి ఈనెకు ఇరువైపులా వరసగా సన్నని రెక్కలున్న ఆ ఆకును పక్కకొమ్మలున్న క్రినాయిడ్ భుజంగా భ్రమపడటం తేలిక. తేడా భూతద్దంతో తెలుస్తుంది. ఆకు ముద్రలో నడిమి ఈనె ఎక్కడా తెగకుండా సాగుతుంది. క్రినాయిడ్ భుజమైతే చిన్న చిన్న ఫలకాలుగా విభజితమై, ప్రతి రెండు ఫలకాల మధ్యా అడ్డంగా ఒక అతుకు గీత కనిపిస్తుంది. అతుకు గీతలే లేకపోతే అది సముద్ర లిల్లీ కాదని అక్కడికక్కడే నిర్ణయించవచ్చు. భారతదేశంలో నిజమైన కాడ ముక్కలను పొరల్లోనే చూడాలంటే హిమాలయాల్లోని స్పితి లోయ వంటి చోట్లకు, అక్కడి పేలియోజోయిక్ (పెర్మియన్‌తో ముగిసిన పురాతన యుగం) సముద్ర పొరల దగ్గరికి వెళ్లవచ్చు. తిరుపతిలో ఉన్నవారికి ఆచరణలో మిగిలేది కళాశాలల, విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాల్లో బోధన కోసం దాచిన నమూనాలను అనుమతి తీసుకుని చూడటం, అచ్చులను, ఛాయాచిత్రాలను ఉపయోగించుకోవడం.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

పది రెట్లు పెంచి చూపే భూతద్దం, పక్క నుంచి వాలుగా వెలుతురు పడేలా అమర్చుకోగల చిన్న దీపం, మెత్తని కుంచె, మిల్లీమీటర్ల స్కేలు, ట్రేసింగ్ కాగితం, రెండు మూడు రంగుల పెన్సిళ్లు ఉంటే చాలు. నిట్టనిలువుగా పడే వెలుతురులో అతుకు గీతలు మాయమైపోతాయి కనుక దీపాన్ని రాతి ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పెట్టి, నమూనాను మెల్లగా తిప్పుతూ చూడాలి. కాల్సైట్ అవునో కాదో తెలుసుకోవడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లపు చుక్క వేస్తే బుసబుస పొంగుతుందని అందరికీ తెలుసు గాని, ఆ పరీక్షను విడిగా రాలిన పనికిరాని ముక్క మీద తప్ప మంచి నమూనా మీద ఎన్నడూ చేయరాదు. ఒక్క చుక్కతో భుజాల మీది సన్నని వివరాలు కరిగిపోతాయి.

శుభ్రం చేసే విషయంలోనూ తొందర పనికిరాదు. అమెరికాలోని ఇండియానా, అయోవా, ఒహాయో రాష్ట్రాల మిసిసిపియన్ పొరల్లో పక్కపక్కనే పడి ఉన్న వేర్వేరు జాతుల క్రినాయిడ్లు వేర్వేరు రంగుల్లో కనిపించడానికి కారణం వాటిలో మిగిలిన సేంద్రియ అణువులేనని 2013లో ప్రచురితమైన పరిశోధన చూపింది. కనుక ఒక నమూనా పక్కదానికన్నా ముదురు రంగులో ఉంటే దాన్ని మురికిగా భావించి రుద్దకూడదు. జర్మనీలోని హున్స్‌రూక్ పలకరాయి నుంచి వచ్చిన వాటి వంటి నమూనాల్లో కాల్సైట్‌తో పాటు పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం కూడా ఉంటుంది. వీటిని నీటితో తడపకూడదు. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఎక్కువ కనుక పైరైట్ ఉన్న నమూనాలను సిలికా జెల్ సంచులతో పాటు గాలి చొరని డబ్బాలో ఉంచాలి; లేకుంటే పైరైట్ ఆక్సీకరణం చెంది బూజు పట్టినట్టు పొడిగా రాలుతుంది.

పూడుకుపోయిన తీరు

నమూనాను పట్టుకున్న వెంటనే అవయవాల పేర్లు వెతకడం మొదలుపెట్టకుండా, అది ఎందుకు చెదరకుండా మిగిలిందని ప్రశ్నించుకోవాలి. సముద్ర లిల్లీ శరీరంలో వందల నుంచి వేల ఫలకాలుంటాయి. వాటిని కలిపి ఉంచేవి బంధక తంతువులు, కండరాలు మాత్రమే. జంతువు చనిపోయాక ఆ మెత్తని కణజాలం కొద్ది రోజుల్లోనే కుళ్లి, ముందుగా భుజాలు, తర్వాత గిన్నె విడిపోతాయి. కాడ ముక్కలు కాస్త ఎక్కువ కాలం కలిసి ఉంటాయి. ప్రపంచమంతటా క్రినాయిడ్ శిలాజాల్లో అత్యధికం విడి బిళ్లలుగా దొరకడానికి కారణం ఇదే. కాబట్టి భుజాల కొసల దాకా చెదరని నమూనా కనబడితే, జంతువు బతికి ఉండగానో, చనిపోయిన కొద్దిసేపటికో బురద లేదా ఒండ్రు దాన్ని ఒక్కసారిగా కప్పేసిందని అర్థం. ఇండియానాలోని క్రాఫర్డ్స్‌విల్ నమూనాలు ప్రసిద్ధి చెందినది ఈ రకమైన హఠాత్ పూడిక వల్లే.

పూడిక తీరుకు ఆధారాలు నమూనాలోనే ఉంటాయి. చాలా కాడలు ఒకే దిక్కుకు వాలి ఉన్నాయేమో చూడాలి. ఉంటే ప్రవాహం వచ్చిన దిశ తెలుస్తుంది. భుజాలు మూసుకుని ఉంటే అది ఆహారం తీసుకునే భంగిమ కాదని గుర్తుంచుకోవాలి. ఒక వైపు భుజాలు చక్కగా ఉండి మరో వైపు చెదిరి ఉంటే, చెదిరిన వైపు కొంతకాలం బురద పైన తేలి ఉందేమోనని అనుమానించాలి. ఈ మూడు గమనికలూ బొమ్మ గీయకముందే కాగితం మీద పెట్టుకోవాలి.

కాడ, దాని మొదలు

కాడను పరిశీలించడం సులభం కనుక దీన్ని త్వరగా ముగించవచ్చు. కాడ అంతా ఒకదాని మీద ఒకటి పేర్చిన కాల్సైట్ బిళ్లలతో తయారవుతుంది. ప్రతి బిళ్ల మధ్యలో ఉండే రంధ్రం గుండా నాడీ తంతువులు, శరీరకుహరపు పొడిగింపు సాగేవి. బిళ్ల గుండ్రంగా ఉందా, ఐదు మూలలతో ఉందా, నక్షత్రాకారంలో ఉందా, కోలగా ఉందా అనేది రాసుకోవాలి. ప్లాటిక్రినైటిస్ అనే ప్రజాతిలో బిళ్లలు కోలగా ఉండి కాడ మొత్తం మెలి తిరుగుతుంది కనుక చిన్న ముక్కతోనే దాన్ని గుర్తించవచ్చు. విడి బిళ్ల దొరికితే దాని ముఖం మీద ఉండే సన్నని గట్లను, గాళ్లను చూడాలి. పక్క బిళ్ల గాళ్లలో ఇవి ఇమిడి కాడ తిరిగిపోకుండా ఆపేవి. కాడలో కండరాలు లేవు, ఉన్నది బంధక తంతువులే.

కాడ ముక్క విరిగిన చోట మెరిసే చదునైన తలం కనిపిస్తే అది మంచి సూచన. క్రినాయిడ్ ఫలకం ప్రతిదీ బతికున్నప్పుడు సన్నని రంధ్రాల వలగా ఉంటుంది, అయినా స్ఫటిక నిర్మాణపరంగా ఒకే కాల్సైట్ స్ఫటికంలా ప్రవర్తిస్తుంది. పూడిన తర్వాత ఆ రంధ్రాల్లో చేరే కాల్సైట్ కూడా అదే దిశలో పెరగడం వల్ల, ఫలకం విరిగితే కాల్సైట్ సహజ విదళన తలం వెంట నునుపుగా విరుగుతుంది. నమూనాను వెలుతురులో తిప్పినప్పుడు ఒక్కో ఫలకం ఒక్కో కోణంలో తళుక్కుమనడం నిజమైన క్రినాయిడ్‌కు నమ్మదగిన ఆనవాలు.

కాడ మొదలు మిగిలి ఉంటే దాన్ని వదలకుండా చూడాలి. అది వేళ్లలాగా చీలి బురదలో పాతుకుందా, గట్టి రాతికి బిళ్లగా అతుక్కుందా, లేక కొయ్యకు పట్టుకుందా అనేదాన్ని బట్టి జంతువు బతుకు తీరే మారిపోతుంది. జర్మనీలోని హోల్జ్‌మాడెన్‌లో సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి జురాసిక్ పొరల్లో దొరికిన సైరోక్రినస్‌లు తేలే దుంగలకు పట్టుకుని, తలకిందులుగా వేలాడుతూ సముద్రంపై ప్రయాణించినవి. అక్కడి హాఫ్ మ్యూజియంలో ఇలాంటి ఒక సమూహమంతా 18 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న ఒకే బండ మీద భద్రంగా ఉంది. కాడ కనిపించగానే కింద సముద్రపు అడుగును ఊహించే అలవాటును ఆ బండ ఛాయాచిత్రం మాన్పిస్తుంది.

గిన్నె: ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి

కాడకు పైన, భుజాలకు కింద ఉండే గిన్నె తరచు బొటనవేలి గోరంతే ఉంటుంది. జీర్ణాశయాదులను మోసిన భాగం ఇదే. దీన్ని చదవడానికి పైనుంచి కిందికి రావడం మేలు. ముందుగా భుజాలు మొదలయ్యే ఐదు ఫలకాలను గుర్తించాలి. భుజం కూర్చునే ముఖం వీటి పై అంచున స్పష్టంగా ఉంటుంది. ఇవే రేడియల్ ఫలకాలు. వీటికి ఎర్ర పెన్సిలుతో రంగు వేయాలి. ఆ తర్వాత ఒక వరస కిందికి దిగాలి. అక్కడి ఫలకాలు రేడియల్ ఫలకాల సరిగ్గా కింద ఉండవు. తాపీ మేస్త్రి ఇటుకలు పేర్చేటప్పుడు కింది వరసలోని అతుకు మీదికి పై వరస ఇటుక మధ్యభాగం వచ్చేలా పెట్టినట్టు, ఇవి రెండు రేడియల్ ఫలకాల మధ్య అతుకు కిందికి వస్తాయి. ఇవి బేసల్ ఫలకాలు, వీటికి నీలం రంగు వేయాలి.

ఇక అసలు ప్రశ్న వస్తుంది. బేసల్ వరస కింద నేరుగా కాడే ఉందా, లేక మరో ఫలకాల వరస ఉందా? నేరుగా కాడ ఉంటే అది ఒకే వలయపు గిన్నె; రేడియల్ వరసను ఈ లెక్కలోకి తీసుకోరు. మరో వరస ఉంటే అవి ఇన్‌ఫ్రాబేసల్ ఫలకాలు, అప్పుడది రెండు వలయాల గిన్నె. ఈ మూడో వరస మళ్లీ రేడియల్ ఫలకాల దిక్కుల్లోకి వస్తుంది. క్రినాయిడ్ల వర్గీకరణలో మొదటి నుంచీ ప్రాధాన్యం పొందిన తేడాల్లో ఇదొకటి. కానీ ఇక్కడే తొందరపాటు వల్ల తప్పు జరిగేది. ఇన్‌ఫ్రాబేసల్ ఫలకాలు చాలా చిన్నవిగా ఉండి కాడ పై బిళ్ల చాటున దాగిపోవచ్చు, లేదా గిన్నె అడుగు లోపలికి గుంటపడి ఉంటే పక్క నుంచి అసలు కనిపించకపోవచ్చు. జర్మనీలోని మధ్య ట్రయాసిక్ (పెర్మియన్ వెంటనే వచ్చిన కాలం) సున్నపురాయి నుంచి వచ్చిన ఎన్‌క్రినస్ లిలీఫార్మిస్ అందుకు మంచి ఉదాహరణ. పక్క నుంచి చూసినవారు దాన్ని ఒకే వలయపు గిన్నెగా రాసేస్తారు. అడుగు భాగాన్ని చూడలేనప్పుడు ‘అడుగు కనిపించలేదు’ అని రాయడమే సరైనది.

ఫలకాలను లెక్కించేటప్పుడు ప్రతి వరసలోనూ ఐదే ఉండాలని పట్టుబట్టకూడదు. కొన్ని ఫలకాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ప్లాటిక్రినైటిస్‌లో బేసల్ ఫలకాలు మూడే ఉంటాయి, అందులో రెండు పెద్దవి, ఒకటి చిన్నది. రెండు వలయాల గిన్నెలున్న మరికొన్నింటిలో ఇన్‌ఫ్రాబేసల్ ఫలకాలు మూడుగా తగ్గుతాయి. కామెరేట్ అనే వర్గంలో భుజాల మొదటి ఫలకాలు కూడా గిన్నె గోడలో కలిసిపోయి, మధ్య ఖాళీలను అదనపు ఫలకాలు పూరిస్తాయి. అలాంటి గిన్నె గట్టి పెట్టెగా మారుతుంది, చెదరకుండా శిలాజమయ్యే అవకాశమూ దానికే ఎక్కువ. మ్యూజియం నమూనాల్లో భుజాలు ఊడిపోయి గిన్నె ఒక్కటే నిలిచి ఉన్నవి కామెరేట్‌లు కావడానికి ఇదొక కారణం.

తరువాత గిన్నెను చుట్టూ తిప్పి, ఐదు పక్కల్లో ఏదో ఒక పక్క మిగిలిన నాలుగింటికి భిన్నంగా ఉందేమో చూడాలి. పేలియోజోయిక్ క్రినాయిడ్లలో చాలావాటిలో రెండు రేడియల్ ఫలకాల మధ్య అదనపు ఫలకం ఒకటి లేదా కొన్ని ఇరుక్కుని ఉంటాయి. గుదద్వారం ఉన్న వైపు అదే. ఐదు దిక్కుల సౌష్ఠవాన్ని ఆ ఒక్క పక్క చెడగొట్టడం వల్లే మనకు నమూనా దిశలు తెలుస్తాయి. దానికి ఎదురుగా ఉన్న భుజపు దిక్కును ‘ఏ’ అనీ, నోటి వైపు నుంచి చూస్తే గడియారపు ముళ్ల దిశలో మిగిలినవాటిని ‘బీ’, ‘సీ’, ‘డీ’, ‘ఈ’ అనీ పిలుస్తారు. గుదద్వారం ‘సీ’, ‘డీ’ల మధ్య వస్తుంది. కాడ వైపు నుంచి చూసి గీసే పటంలో ఈ అక్షరాలు అపసవ్యంగా తిరుగుతాయని మరచిపోకూడదు. పటం గీయడానికి కాగితం మధ్య కాడకు గుర్తుగా చిన్న వృత్తం వేసి, దాని చుట్టూ ఇన్‌ఫ్రాబేసల్, బేసల్, రేడియల్ వరసలను ఒకదాని వెలుపల ఒకటిగా పరచాలి. వైపు తెలియని ఫలకాలను చుక్కల గీతతో చూపాలి. ట్రయాసిక్ తర్వాతి క్రినాయిడ్లలో పూర్తిగా ఎదిగినవాటి గిన్నెలో సాధారణంగా అదనపు ఫలకం ఉండదు. వాటికి గిన్నెను బట్టి అక్షరాలు ఇవ్వడం కుదరదు.

గిన్నె పైభాగాన్ని కప్పే మూతను టెగ్మెన్ అంటారు. మూసుకున్న భుజాలు దాన్ని కప్పేస్తాయి కనుక మంచి నమూనాల్లోనే ఇది కనిపించదనే విచిత్రం ఉంది. భుజాలు ఊడిన గిన్నెల్లోనే దీన్ని బాగా చూడగలం. నోరు సాధారణంగా పై వైపు మధ్యలో ఉంటుంది. గుదద్వారం కొన్నిటిలో పొడవైన గొట్టం కొసన ఉంటుంది, వదిలిన వ్యర్థాలు నోటి దగ్గరికి చేరకుండా ఇది తోడ్పడేది. టెగ్మెన్ మీద ఒక నత్త గుల్ల అతుక్కుని ఉంటే దాన్ని యాదృచ్ఛికంగా పడినదనుకోకూడదు. ప్లాటిసెరాటిడ్ అనే నత్తలు గుదద్వారం మీదే తిష్ఠ వేసి ఏళ్ల తరబడి బతికేవి, వాటి గుల్ల అంచు ఆ గిన్నె ఉపరితలానికి సరిపడేలా పెరిగేది.

భుజాలు

ప్రతి రేడియల్ ఫలకం నుంచి పైకి వెళ్తూ భుజపు ఫలకాలను లెక్కించాలి. ఒకచోట ఫలకం పై అంచు రెండు వాలుగా చీలి, రెండు కొమ్మలను మోస్తుంది. అది చీలిక ఫలకం. రేడియల్ నుంచి దాని వరకు ఎన్ని ఫలకాలున్నాయో, చీలిక తర్వాత రెండు కొమ్మలూ సమానంగా ఉన్నాయో లేదో రాసుకోవాలి. ఎన్‌క్రినస్ లిలీఫార్మిస్‌లో ప్రతి భుజం ఒక్కసారి చీలి మొత్తం పది అవుతాయి. ఫలకాలు ఒకే వరసలో ఉన్నాయా, లేక రెండు వరసలు ఒకదానిలో ఒకటి పన్ను పన్నుగా ఇమిడాయా అనేది కూడా ముఖ్యమైన లక్షణం. ఒకే వరసగా మొదలై పైకి వెళ్లేకొద్దీ రెండు వరసలుగా మారే భుజాలూ ఉంటాయి కనుక మొదలు, మధ్య, కొస మూడు చోట్లా చూడాలి.

భుజానికి ఇరువైపులా ఫలకం మార్చి ఫలకానికి వచ్చే సన్నని పక్కకొమ్మలను పిన్యూళ్లు అంటారు. భుజాల లోపలి ముఖం వెంట గాడి ఉంటుంది. బతికున్నప్పుడు నాళికాపాదాలు నీటిలోని రేణువులను పట్టి ఆ గాడిలో వేస్తే, అవి నోటి వరకు చేరేవి. నేటి కాడ ఉన్న క్రినాయిడ్లు భుజాలను ప్రవాహానికి ఎదురుగా వెనక్కి వంచి, విసనకర్ర పరచినట్టు నిలబెడతాయని 1970వ దశకంలో జలాంతర్గామి నౌకల నుంచి చూసి నిర్ధారించారు. నాళికాపాదాలు శిలాజాల్లో మిగలడం అత్యంత అరుదు. బొమ్మలో వాటిని చూపితే అది ఊహ అని పక్కన రాయాలి. ఒక భుజం పక్కవాటికన్నా బాగా సన్నగా, పొట్టిగా ఉంటే, ఏ చేపో కొరకగా ఊడి తిరిగి మొలిచినదై ఉండవచ్చు.

అమ్మకపు నమూనాల విషయం

ఇంటర్నెట్‌లో కొనేవారికి ఎక్కువగా ఎదురయ్యేవి మొరాకో నుంచి వచ్చే స్కైఫోక్రినైటిస్ బండలు. ఇవి సిలూరియన్ చివర, డెవోనియన్ మొదటి కాలానికి, అంటే సుమారు 42 కోట్ల ఏళ్ల క్రితానికి చెందినవి. వీటి కాడ కొసన ఉండే గదులున్న బుర్ర వంటి భాగాన్ని లోబోలిత్ అంటారు, చాలామంది పరిశోధకులు దాన్ని తేలడానికి ఉపయోగపడిన అవయవంగా భావిస్తారు. ఇలాంటి బండల్లో విరిగిన చోట్లను పూరించడం, కాడలను చెక్కడం, వేరే బండ నుంచి భుజాలను తెచ్చి అతికించడం సాధారణం. భూతద్దంతో ప్రతి కాడ వెంటా చూపు నడిపించాలి. బిళ్లల మధ్య అతుకు గీతలు సమదూరంగా, మరీ తిన్నగా, ఒకే లోతున ఉంటే అవి పనిముట్టుతో గీసినవి కావచ్చు. పైన చెప్పిన కాల్సైట్ తళుకు మొత్తంగా లేని భాగం పూరింపేనని అనుమానించాలి. రంగు అంచు దగ్గర హఠాత్తుగా ఆగిపోయిందేమో కూడా చూడాలి. పూరింపు ఉన్నంత మాత్రాన నమూనా బోధనకు పనికిరాకుండా పోదు. పూరించిన చోటును పటంలో గళ్ల గీతలతో గుర్తిస్తే సరిపోతుంది.

పని పూర్తయ్యాక నమూనాతో పాటు ఉంచే చీటీ మీద అది దొరికిన ఊరు, పొర పేరు, కాలం, కొలతలు, పటం గీసిన తేదీ రాయాలి. అడుగు భాగం, గుదద్వారపు వైపు, టెగ్మెన్, భుజాల కొసలు వీటిలో ఏవి కనిపించాయో, ఏవి రాతి కిందే ఉండిపోయాయో విడివిడిగా నమోదు చేయాలి. ఎందుకంటే తర్వాత చూసేవారు ముందుగా అడిగేది ఆ కనిపించని భాగాల గురించే.